యాంక్షస్‌కు తెలుగు దొరికిన కథ

ఇంగ్లీషులో ‘యాంక్షస్’ అనే విశేషణం ఒకటుంది. బడిపిల్లల నిఘంటువులో దాని అర్థం ఒక్క వరుసలో అయిపోతుంది: ఆదుర్దాగల, ఆతురతగల. పరీక్షకు అంతే చాలు. కానీ ఆ ఒక్క వరుస వెనక దాదాపు రెండు వందల ఏళ్ల పని ఉంది. అది కొంత కడపలో, కొంత మద్రాసులో, కొంత మన తిరుపతిలో జరిగింది. మొదటి రెండు ఊళ్ల సంగతి పుస్తకాల్లో బాగానే వచ్చింది. తిరుపతి వంతు గురించి చెప్పుకున్నది తక్కువ.

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో పుట్టింది. 1970ల్లో అక్కడ సి.పి. బ్రౌన్ పేరుతో ఒక పరిశోధన పథకం నడిచింది. దాని వెనక నిలిచిన మనిషి ఆచార్య జి.ఎన్. రెడ్డి. చిత్తూరు జిల్లాలో పుట్టి, భాషాశాస్త్రం చదివి, అదే విశ్వవిద్యాలయంలో తెలుగు చెప్పి, తర్వాత దానికే ఉపకులపతి అయ్యాడు. ఆ పథకంలో పనిచెయ్యడానికి నెల్లూరు నుంచి ఒక పాత్రికేయుడు వచ్చాడు. పేరు బండి గోపాలరెడ్డి, లోకానికి బంగోరె. అప్పటికే ‘కన్యాశుల్కం’ మొదటి కూర్పును వెతికి పట్టుకుని మళ్లీ అచ్చు వేయించిన ఘనత ఆయనది. పాత కాగితం కనబడితే వదిలే మనిషి కాదు. బ్రౌన్ రాసిన జాబులు, బ్రౌన్‌కు పండితులు రాసిన జాబులు చదివి, ఎత్తిరాసి, వ్యాఖ్యలు చేర్చి అచ్చుకు తెచ్చాడు. 1978లో జి.ఎన్. రెడ్డి, బంగోరె కలిసి బ్రౌన్ సాహిత్య ఆత్మకథను ఇంగ్లీషులో పరిష్కరించగా విశ్వవిద్యాలయమే ప్రచురించింది. బంగోరె 1982లో, నడివయసులోనే పోయాడు. తెలుగు నిఘంటువు ఎలా తయారైందో ఈరోజు మనం చెప్పుకోగలుగుతున్నామంటే అందులో ఆయన శ్రమ చాలా ఉంది.

ఇక ఆ నిఘంటువు సంగతి. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టాడు. 1817లో మద్రాసు చేరి, సెయింట్ జార్జి కోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు మొదలుపెట్టాడు. 1820లో కడప కలెక్టరు కచేరీకి సహాయకుడిగా వచ్చాడు. కొన్నేళ్లకు అదే కడపలో ఒక పెద్ద బంగళా కొని, తోటలో పండితులకు ఇళ్లు కట్టించి, జీతాలు తన చేతినుంచి ఇచ్చాడు. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అన్నారు. జూలూరి అప్పయ్య, అద్వైత బ్రహ్మయ్య లాంటి పండితులు అక్కడ చేసిన పని ఇది: ఒక కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించడం, పోల్చి చూడడం, శుద్ధప్రతి రాయడం, ఆ కావ్యంలోని మాటలకు సూచిక కట్టడం. అలా కట్టిన సూచికలే నిఘంటువుకు ముడిసరుకు అయ్యాయి. ఆ జీతాల కోసం బ్రౌన్ అప్పులు కూడా చేశాడు.

1832–33లో గుంటూరు సీమను డొక్కల కరువు పీల్చేసింది. పై అధికారులు కాగితాల మీద కరువు అనే మాట రాయడానికి ఇష్టపడని రోజులవి. బ్రౌన్ మాత్రం ‘ఫేమిన్’ అనే రాశాడు, వాళ్ల కోపానికి గురయ్యాడు. 1834లో కంపెనీ ఆయన్ను కొలువు నుంచి తప్పించింది. లండను వెళ్లి, కొన్నేళ్లకు తిరిగొచ్చి, మళ్లీ నిఘంటువు పని పట్టాడు. చావుకు కొరత అని పేరు పెట్టడానికి ఒప్పుకోని మనిషి చేతిలో మన నిఘంటువు తయారైంది. ఆ సంగతి నాకు చాలా పెద్దదిగా తోస్తుంది.

1852 నుంచి 1854 లోపల మూడు నిఘంటువులు మద్రాసులో అచ్చయ్యాయి. తెలుగు–ఇంగ్లీషు ఒకటి, ఇంగ్లీషు–తెలుగు ఒకటి, కచేరీల్లో బజార్లలో కలిసిపోయిన హిందుస్తానీ, పారసీ మాటలకు విడిగా మిశ్రభాషా నిఘంటువు ఒకటి. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చి పుస్తకాల తెలుగును బిగించడానికి ముందే, బ్రౌన్ ఇంగ్లీషు మాటల కింద జనం నోటి తెలుగులో ఉదాహరణ వాక్యాలు ఇచ్చాడు. గిడుగు రామమూర్తి పంతులు పుట్టింది 1863లో. వ్యావహారికం కోసం వాదం లేవకముందే నిఘంటువులో వ్యావహారికం కూర్చుని ఉందన్నమాట.

అయితే ఇంగ్లీషు నుంచి తెలుగుకు వచ్చేటప్పుడు ఒక చిక్కు ఎదురైంది, అది ఈనాటికీ పూర్తిగా తీరలేదు. నామవాచకం సులువు. చెట్టు, గుర్రం, కచేరీ అంటే సరిపోతుంది. క్రియ కూడా ఫరవాలేదు. విశేషణం దగ్గర, అందులోనూ మనసుకు సంబంధించిన విశేషణం దగ్గర, తెలుగు వేరే దారిలో నడుస్తుంది. ఇంగ్లీషువాడు ‘ఐ యామ్ యాంక్షస్’ అంటాడు. అక్కడ మనిషి కర్త, యాంక్షస్ అతని గుణం. తెలుగులో ‘నేను ఆదుర్దాగలవాణ్ణి’ అని ఎవరూ అనరు. ‘నాకు దిగులుగా ఉంది’ అంటాం. నేను కాస్తా నాకు అయిపోతుంది. దిగులు వస్తుంది, పుడుతుంది, పట్టుకుంటుంది. మనిషి దానికి చోటు మాత్రమే. లేకపోతే క్రియ చేసేస్తాం: దిగులుపడ్డాడు, ఆరాటపడ్డాడు, ఆత్రపడ్డాడు, బెంగ పెట్టుకుంది, కంగారుపడ్డారు. దాదాపు ప్రతి మాట వెనకా ‘పడు’ వచ్చి చేరుతుంది. ఈ పడిన మాటలన్నిటినీ తీసుకొచ్చి విశేషణం అనే చట్రంలో బిగించాలి కాబట్టి నిఘంటుకర్తలు ‘గల’, ‘మైన’, ‘గా ఉండే’ అనే తోకలు తగిలించారు. అర్థం చెప్పడానికి అవి పనికొస్తాయి. వాక్యంలో పెడితే నిలబడవు. ఆదుర్దాగల తల్లి అని ఏ కథకుడైనా రాస్తాడా? ఆదుర్దా పడుతున్న తల్లి అంటాడు.

యాంక్షస్ పుట్టుక చూస్తే ఇంకో వింత కనబడుతుంది. ఇది లాటిన్‌లో ‘ఆంగెరె’ అనే ధాతువు నుంచి వచ్చింది. దానికి అర్థం నొక్కడం, గొంతు బిగించడం. ఇంగ్లీషు యాంగర్, యాంగ్విష్, గుండెనొప్పికి వైద్యులు వాడే యాంజైనా, జర్మనుల ఆంగ్స్ట్ అన్నీ ఆ కుటుంబానివే. సంస్కృతంలో ‘అంహస్’ కూడా ఆ తోబుట్టువే. వేదంలో దానికి ఇరుకు, ఆపద అనే అర్థాలుంటే, తర్వాత పాపం అనే అర్థం పైకొచ్చింది. మన పాత నిఘంటువుల్లో అంహస్సు అంటే పాపం అనే ఉంటుంది. గొంతు నొక్కుకుపోవడం అనే ఒక్క అనుభవం ఒకచోట దిగులైంది, ఒకచోట కోపమైంది, ఒకచోట పాపమైంది. తెలుగు నోట ఆ అనుభవం ఇప్పటికీ ఒంటి మాటల్లోనే ఉంది. గుండె గుబేలుమంది, కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టుంది, కాళ్లూ చేతులూ ఆడడం లేదు, ప్రాణం ఉగ్గబట్టుకుని కూచున్నా, కంటిమీద కునుకు లేదు. తిరుపతి ఆస్పత్రుల్లో పేషెంటు యాంగ్జైటీ అనడు, ‘గుండె దడదడా అంటాంది సార్’ అంటాడు. ఆ మాట పట్టుకోగలిగిన డాక్టరుకే రోగం అందుతుంది.

ఇక వాడుక. యాంక్షస్ పక్కన ఏ చిన్న మాట వస్తుందో చూసి అర్థం తెలుసుకోవాలి. ‘అబౌట్’ వస్తే దిగులు: పరీక్ష ఫలితం గురించి, అప్పు గురించి. ‘ఫర్’ వస్తే ఒక మనిషి మేలు కోరే ఆరాటం, లేదా ఒకటి కావాలనే తపన. ‘టు’ వచ్చి వెనక క్రియ వస్తే చెయ్యాలనే తహతహ. ‘ఐ యామ్ యాంక్షస్ టు మీట్ యు’ అన్నవాడు భయపడడం లేదు, ఎప్పుడెప్పుడా అని ఎదురుచూస్తున్నాడు. ఈ చివరి వాడుక దాదాపు మూడు వందల ఏళ్ల నాటిదే అయినా, ఇరవయ్యో శతాబ్దపు ఇంగ్లీషు పండితులు కొందరు దాన్ని తప్పుపట్టారు. తహతహకు ‘ఈగర్’ ఉండగా యాంక్షస్ ఎందుకని వాళ్ల వాదం.

తెలుగువాడికి ఆ వాదం అక్కర్లేదు. ఎందుకంటే మనకు అచ్చం ఇలాంటిదే ఒక మాట ఇంట్లోనే ఉంది. ఆత్రం. ఇది సంస్కృత ‘ఆతుర’ నుంచి దిగింది. ఆతురుడంటే మొదట రోగి, బాధపడేవాడు. తర్వాత తొందరపడేవాడు అయ్యాడు. ఆత్రగాడికి బుద్ధి మట్టు అనే సామెతలో రోగం జాడ లేదు, తొందర ఒక్కటే మిగిలింది. యాంక్షస్ నడిచిన దారినే ఆతుర కూడా, ఎవరూ చెప్పకుండా, తనంతట నడిచింది. బాధకూ కోరికకూ మధ్య గోడ పలచనని రెండు జాతుల అనుభవమూ చెబుతోంది.

తెలుగులో ఈ మాటలు ఎన్ని చోట్ల నుంచి వచ్చాయో లెక్క వేస్తే బ్రౌన్ మిశ్రభాషకు విడి నిఘంటువు ఎందుకు వేశాడో తెలుస్తుంది. దిగులు, బెంగ, గుబులు, ఆరాటం ఇంటివి. చింత, వ్యాకులత, విచారం, ఆందోళన సంస్కృతం ఇచ్చినవి. ఖాతరు చెయ్యడు అంటామే, ఆ ఖాతరు అరబ్బీది. రోజుకు ఎన్నిసార్లు అంటామో తెలియని ‘పర్వాలేదు’లో ఉన్న పర్వా పారసీది, దానర్థం అక్షరాలా పట్టింపు, చింత. చింత లేదు అనడానికి పారసీ మాటను తెలుగు ‘లేదు’తో కుట్టేసుకున్నాం. ఇప్పుడు తిరుపతి బస్టాండులో ‘టెన్షన్ పడొద్దు’ వినిపిస్తుంది. మాట ఇంగ్లీషుది, ‘పడు’ మనది. పద్ధతి మారలేదు.

ఆందోళన గురించి విడిగా చెప్పాలి. సంస్కృతంలో దానర్థం ఊగడం. డోల అంటే ఊయల. తిరుమలలో స్వామివారికి డోలోత్సవం చేస్తారు, ఉత్సవమూర్తులను ఊయలలో ఉంచి ఊపుతారు. ఆ ఊగడమే మనసుకు అన్వయించి, స్థిమితం లేకపోవడం అయింది. ఇరవయ్యో శతాబ్దంలో పత్రికలు దాన్ని రెండు పనులకు పెట్టాయి. కార్మికులు ఆందోళనకు దిగుతారు, మంత్రి ఆందోళన వ్యక్తం చేస్తారు. లాటిన్‌లో కూడా ఇదే జరిగింది. ‘సొలిసిటస్’ అనే ఇంగ్లీషు విశేషణానికి మూలమైన లాటిన్ మాటకు అర్థం మొత్తంగా కదిలిపోయినది. కానీ ఇంగ్లీషుకు వచ్చాక సొలిసిటస్ మెత్తబడింది. ఇప్పుడు దాన్ని ఎదుటిమనిషి క్షేమం కోసం శ్రద్ధగా కనిపెట్టుకుని ఉండేవాళ్ల గురించి వాడతారు. కోర్టు పని చూసే సొలిసిటరు కూడా ఆ ఇంటివాడే. పరుల వ్యవహారం తన భుజాన వేసుకునేవాడు.

మన ఆందోళన అలా మెత్తబడలేదు, గట్టిపడింది. కనుక ‘కన్సర్న్‌డ్’ కనబడినచోటల్లా ఆందోళన అని రాయడం తప్పని నా అభిప్రాయం. పిల్లవాడి చదువు గురించి ‘కన్సర్న్‌డ్’గా ఉన్న మేష్టారు ఆందోళన చెందుతున్నాడని రాస్తే ఆయన ఓపికను, ప్రేమను తీసేసి భయం మిగిల్చినట్టు. ఈ మాటతో ఇంకో చిక్కు కూడా ఉంది. నామవాచకం వెనక వస్తే, ‘ది ఆఫీసర్ కన్సర్న్‌డ్’ అంటే సంబంధిత అధికారి. ముందు వస్తే, ‘ఎ కన్సర్న్‌డ్ ఆఫీసర్’ అంటే జనాన్ని పట్టించుకునే అధికారి. మన దేశపు ఆఫీసు ఇంగ్లీషులో రెండూ కలిసిపోయి, అన్నిచోట్లా ముందే పెట్టేస్తున్నారు. సంబంధం ఉన్నవాడల్లా పట్టించుకునేవాడు కాదు. అర్జీ పట్టుకుని కలెక్టరేటు చుట్టూ తిరిగినవాళ్లకు ఈ తేడా వ్యాకరణం చదవకుండానే తెలుసు.

మరి సొలిసిటస్‌కు తెలుగేది? ఇక్కడే చిత్తూరు సీమ ముందుకొస్తుంది. ఈ సీమ మూడు భాషల కూడలి. తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోదే. కుప్పంలో నిలబడితే ఒకవైపు తమిళనాడు, ఒకవైపు కర్ణాటక. ఇక్కడి మాటలు పొరుగు ఇళ్లకు పోయి వేరే అర్థంతో తిరిగొస్తాయి. దిగులు తీసుకోండి. కోస్తాలో అది విచారం, బెంగ. రాయలసీమలో భయం కూడా. కన్నడంలో దిగిలు అంటే భయం, తమిళంలో తిగిల్ అంటే హడలెత్తించే భయం. తమిళ, కన్నడాల వైపు పోయేకొద్దీ విచారం తగ్గి భయం పెరిగిందన్నమాట. అక్కర ఇంకా బాగుంటుంది. తెలుగులో అవసరం. కన్నడంలో అక్కరె అంటే వాత్సల్యం. తమిళంలో అక్కరై అంటే ఒకరి మీద ఉండే శ్రద్ధ, పట్టింపు. సొలిసిటస్‌కు కావలసిన అర్థం మన మాటలోనే దాగి, సరిహద్దు అవతల కనబడుతోంది.

దానికంటే దగ్గరి మాట సీమ పల్లెల్లోనే ఉంది: అరుసుకోవడం. ‘ముసిలోళ్లను అరుసుకునే దిక్కు లేదప్పా’ అంటారు. అరయడం అంటే వెతికి చూడడం, ఆరా తీయడం. పాత కావ్యాల్లో ఉన్న ధాతువే. అది పల్లె నోట, తిన్నావా, ఒళ్లెట్లుంది, మందు వేసుకున్నావా అని అడుగుతూ చూసుకోవడం అయింది. సొలిసిటస్‌కు ‘అరుసుకునే’ కంటే మంచి తెలుగు నాకు దొరకలేదు. ‘ఆత్మీయ శ్రద్ధ గల’ అని రాసినచోట ఒక్కసారి అది పెట్టి చూడండి. వాక్యానికి ప్రాణం వస్తుంది.

ఇలాంటి మాటలు బతికినవి ఎక్కువగా కథకుల చేతుల్లో. దామలచెరువు ప్రాంతపు మధురాంతకం రాజారాం మధ్యతరగతి ఇళ్లలోని చిన్న చిన్న ఆరాటాలను వందల కథల్లో పెట్టాడు. తిరుపతి పక్క మిట్టూరు నుంచి వచ్చిన నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ఇంకో అడుగు వేసి, అమ్మ మాట్లాడిన భాషనే కథ భాష చేశాడు. ‘పచ్చనాకు సాక్షిగా’, ‘సినబ్బ కతలు’ చదివినవాడికి చిత్తూరు తల్లి ఎలా దిగులుపడుతుందో, దిగులును ఎలా తిట్టుగా మార్చి బిడ్డ మీద విసురుతుందో తెలుస్తుంది. తిట్టులో దాక్కున్న ప్రేమకు ఏ నిఘంటువులోనూ విశేషణం లేదు.

పండితుల వైపు నుంచి కూడా కదలిక వచ్చింది. భద్రిరాజు కృష్ణమూర్తి, కొంతకాలం తిరుపతిలోనూ పనిచేసిన మహా భాషావేత్త, మాండలిక వృత్తి పదకోశానికి దారి వేశాడు. వ్యవసాయ పదాల సంపుటం 1962లో వచ్చింది. రైతుల దగ్గరికి వెళ్లి, నాగలిలో ఒక్కొక్క భాగానికీ ఏ ఊళ్లో ఏమంటారో రాసుకున్న పని అది. ఐసీఎస్ అధికారిగా వచ్చి తెలుగు నేర్చిన ఐర్లండువాడు జె.పి.ఎల్. గ్విన్ 1991లో ఆధునిక తెలుగుకు ఇంగ్లీషు అర్థాలతో నిఘంటువు వేశాడు. బ్రౌన్ తర్వాత ఆ బాటలో పడ్డ పెద్ద అడుగు అదే. దానికి కాస్త ముందు, 1990లో, మన జి.ఎన్. రెడ్డి పర్యాయపద నిఘంటువు వచ్చింది. దాన్ని నేను తిరుపతి ఇచ్చిన గొప్ప కానుక అంటాను. మామూలు నిఘంటువు ఒక మాటకు అర్థం చెప్పి తప్పుకుంటుంది. పర్యాయపద నిఘంటువు ఒక భావం దగ్గర మాటలన్నిటినీ కూర్చోబెడుతుంది. ఏది తీసుకోవాలో రాసేవాడు తేల్చుకోవాలి. యాంక్షస్‌ను తెలుగు చేసేవాడికి కావలసింది సరిగ్గా అదే.

అయినా ఒక పని మిగిలిపోయింది. నాగలి భాగాలకు, మగ్గం భాగాలకు వృత్తి పదకోశాలు వచ్చాయి. మనసు మాటలకు ఊరూరా తిరిగి వేసిన పదకోశం రావాలి. దిగులు ఏ మండలంలో భయం, ఏ మండలంలో బెంగ. అరుసుకోవడం ఎంతవరకు వినబడుతుంది, ఎక్కడ ఆగిపోతుంది. విచారం ఎక్కడ ఇచారం అవుతుంది. ఇవి ఒక పటం మీద గీయదగ్గ సంగతులు. మాటకు పక్కన అర్థం ఒక్కటే రాస్తే సరిపోదు, మనిషి పలికిన వాక్యం మొత్తం రాయాలి, ఎందుకంటే తెలుగులో ఈ భావం బతికేది వాక్యంలోనే. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి ఆ వారసత్వం ఉంది. 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టింది ద్రావిడ భాషల మధ్య ఇలాంటి పని కోసమే. 2022లో తిరుపతి వేరే జిల్లా అయినా మాట మీద గీత పడలేదు. చంద్రగిరిలో అన్న మాట పుంగనూరులోనూ అర్థమవుతుంది.

విశ్వవిద్యాలయాలు కదిలేలోపు ఇంటివాళ్లు చెయ్యగలిగింది ఉంది. మీ ఇంట్లో అవ్వ ఉంటే, మీ కోసం ఎదురుచూసిన రోజు గురించి ఆమెను అడగండి. ఆమె చెప్పిన వాక్యాన్ని సరిదిద్దకుండా, పుస్తకాల తెలుగులోకి మార్చకుండా, ఆమె పలికినట్టే రాసుకోండి. పక్కన ఊరిపేరు, తేదీ వెయ్యండి. కడప బంగళాలో బ్రౌన్ పండితులు చేసిన పని కూడా విన్నదాన్ని, చదివినదాన్ని ఓపిగ్గా కాగితం మీద పెట్టడమే.